పొయ్యి లేచింది.. మనమూ లేద్దాం

పట్నం ఇళ్లల్లో కనిపించే ఎత్తు స్టూలు ఇప్పుడు పల్లెల కొత్త స్లాబు ఇళ్లకూ చేరుతోంది. దాన్ని నడుమ పెట్టుకొని వంటింటినీ హాలునూ ఎట్లా తీర్చిదిద్దుకోవాలి? ఏ కొలతలు, ఏ కట్టె, ఏ రంగులు? కోడేరు ప్రాంతపు ఇళ్లను ఎదురుగా పెట్టుకొని రాసిన ఈ వారం ముఖచిత్ర కథనం.

జొన్నరొట్టెకు ఒక నియమం ఉంది. పెనం మీద నుంచి దిగంగనే తినాలి. పొంగిన పొర అణగకముందే, వేళ్లు చురుక్కుమంటుండగానే తుంచి, పల్లీల చట్నీలోనో గోంగూర పప్పులోనో అద్దుకొని నోట్లో పెట్టుకోవాలి. అరగంట ఆగితే అది వేరే తిండి. నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరులోనైనా, పక్కనున్న కొల్లాపూర్, పెద్దకొత్తపల్లిలోనైనా, అటు వనపర్తి, గద్వాల దాకానైనా రొట్టె తినే ఏ ఇంటినడిగినా ఇదే మాట చెబుతారు.

పాత వంటిల్లు ఈ నియమానికి తగినట్టే ఉండేది. నేల మీద పొయ్యి. పొయ్యి ముందు పీట. పీట మీద అమ్మ. ఆమె చెయ్యి చాపితే అందే దూరంలో చుట్టూ పీటలేసుకొని పిల్లలు, చేనుకాడి నుంచి వచ్చిన నాయిన. రొట్టె పెనం మీద నుంచి నేరుగా కంచంలో పడేది. వండే మనిషి కళ్లు, తినే మనిషి కళ్లు ఒకే ఎత్తులో ఉండేవి. బడి సంగతి, బావి నీళ్ల సంగతి, అప్పు సంగతి, పెండ్లి సంగతి అన్నీ ఆ ఎత్తులోనే నడిచేవి.

ఆ వంటింట్లో అన్నీ సుఖాలే ఉన్నాయని అనడం లేదు. పొగకు కళ్లు మండేవి. ఊదుగొట్టం పట్టి వంగిన నడుము రాత్రికి పట్టేసేది. అందుకే గ్యాస్ పొయ్యి ఇంటికి రావడం ఆడవాళ్ల బతుకులో పెద్ద మలుపు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్వల పథకం ఆ మలుపును పల్లెల దాకా తీసుకొచ్చాయి. గ్యాస్‌తో పాటే గట్టు వచ్చింది. పొయ్యి ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలన్నది భద్రత సూత్రం. అందుకని నేల మీది పొయ్యి ఒక్కసారిగా రెండున్నర, మూడు అడుగుల ఎత్తుకు ఎక్కింది.

పొయ్యి లేచినప్పుడు దానితో పాటు లేచింది వండే మనిషి ఒక్కతే. మిగతా ఇల్లంతా కూర్చునే ఉంది. కొందరు సోఫాలో, కొందరు ప్లాస్టిక్ కుర్చీలో, కొందరు నేల మీద, అందరి మొహాలూ టీవీ వైపు. వంటింటికీ హాలుకూ నడుమ గోడ. అమ్మ గోడవైపు తిరిగి నిలబడి వండుతుంది, వండినవి మోసుకొచ్చి పెడుతుంది, మళ్లీ లోపలికి పోతుంది. రొట్టె చల్లారుతుంది. మాటా చల్లారుతుంది.

ఎత్తు స్టూలు గురించి మాట్లాడాల్సింది ఇక్కడి నుంచే. అది గదికి అందమిస్తుందా లేదా అనేది తర్వాతి సంగతి. కూర్చున్న మనిషిని అది నిలబడిన మనిషి దగ్గరికి చేరుస్తుంది. దాని అసలు పని అది.

కళ్ల ఎత్తు లెక్క

చిన్న లెక్క చూద్దాం. ఐదడుగుల ఎత్తున్న మనిషి నిలబడితే కళ్లు నేల నుంచి సుమారు 55 అంగుళాల ఎత్తులో ఉంటాయి. కూర్చున్న మనిషి కళ్లు పిర్ర ఆనిన చోటు నుంచి దాదాపు 28 అంగుళాల పైన ఉంటాయి. నాలుగు అంగుళాల పీట మీద కూర్చుంటే కళ్లు 32 అంగుళాల దగ్గర. పదహారు అంగుళాల సోఫాలో కూర్చుంటే 44 దగ్గర. పాతికంగుళాల స్టూలు మీద కూర్చుంటే 53 దగ్గర. అంటే గట్టు దగ్గర నిలబడి వండే మనిషి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మనిషి మళ్లీ ఒకరినొకరు తల ఎత్తకుండా, దించకుండా చూసుకోగలుగుతారు. నేల మీద పోయిన సమానం మూడడుగుల ఎత్తులో తిరిగి దొరుకుతుంది.

ఎత్తు స్టూలును అంగట్లో బార్ స్టూల్ అంటారు. పేరులో బార్ ఉంది కాబట్టి కొన్ని ఇళ్లల్లో పెద్దలు మొహం చిట్లిస్తారు. కానీ ఎత్తు స్టూలు మనకు కొత్తది కాదు. ఇంటర్‌లో సైన్స్ చదివినవాళ్లంతా ప్రాక్టికల్స్ ల్యాబులో దాని మీద కూర్చొని బ్యూరెట్‌లో చుక్కలు లెక్కపెట్టినవాళ్లే. ఫొటో స్టూడియోలో దాని మీదే కూర్చోబెట్టి గడ్డం పైకెత్తమన్నారు. కరెంటు బల్బు మార్చాలన్నా, అటక మీది డబ్బా దించాలన్నా ఎక్కేది దాని మీదికే. దానికి ఇంట్లో ఒక చోటు చూపించలేదు, అంతే.

ప్రపంచం ఈ దారిలో మనకంటే ముందు నడిచింది, తప్పులూ చేసింది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో మార్గరెట్ షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్ట్ కార్మికుల ఇళ్ల కోసం ఒక వంటగదిని రూపొందించారు. ఆ నమూనాలో దాదాపు పదివేల వంటగదులు కట్టారు. ఆరడుగుల చిల్లర వెడల్పు, పదకొండు అడుగుల పొడవు. అడుగు తీసి అడుగు వేయకుండానే అన్నీ చేతికందుతాయి. కూర్చొని కూరగాయలు తరగడానికి తిరిగే స్టూలు కూడా పెట్టారు. ఆడవాళ్ల శ్రమ తగ్గించాలన్న నిజాయతీ అందులో అడుగడుగునా కనిపిస్తుంది. కానీ ఆ గదిలో ఒక్క మనిషికే చోటు. వండే ఆమెను అది ఒంటరిని చేసిందన్న విమర్శ తర్వాత గట్టిగా వచ్చింది. అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1934లో మినియాపొలిస్‌లో కట్టిన విల్లీ ఇంట్లో వంటచోటును నివాసపు గదివైపు తెరిచారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడ గోడ పోయి గట్టు మిగిలింది. గట్టుకు అవతల స్టూళ్లు చేరాయి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు ఇంటికో బిడ్డ ఇంటికో ఆరు నెలలు వెళ్లొచ్చిన తల్లిదండ్రులకు ఆ గట్టు బాగా తెలుసు. అమ్మమ్మ దోశ పోస్తుంటే మనవలు స్టూళ్ల మీద కూర్చొని హోంవర్కు చేసుకుంటారు. ఆ ముచ్చటే ఇప్పుడు మన ఊళ్ల ఇళ్ల ప్లానుల్లోకి వస్తోంది. దాన్ని తేవడం మంచిదే. కొలతలు మాత్రం అక్కడివి కాక మనవి ఉండాలి.

ముందు గట్టు, ఆ తర్వాతే స్టూలు

అంగడిలో స్టూళ్లు రెండు ఎత్తుల్లో దొరుకుతాయి. 24 నుంచి 26 అంగుళాలవి ఒక రకం, 28 నుంచి 30 అంగుళాలవి ఇంకో రకం. మొదటిది 36 అంగుళాల గట్టుకు, రెండోది 40, 42 అంగుళాల గట్టుకు. స్టూలు పైభాగానికీ గట్టు పైభాగానికీ మధ్య పది, పన్నెండు అంగుళాలు ఉండాలి. అంతకన్నా తక్కువుంటే తొడలు ఇరుక్కుంటాయి, ఎక్కువుంటే కంచం గడ్డం కిందికి వస్తుంది. ఇంటికి మొదటి రకమే మేలు. ఎక్కడం దిగడం తేలిక, పడితే దెబ్బ తక్కువ, కళ్ల ఎత్తు కూడా దానికే కుదురుతుంది.

ఇక్కడ మన వంటకు ఒక చిక్కుంది. జొన్నరొట్టె తట్టాలంటే అరచేతితో బలంగా కొట్టాలి. గట్టు 36 అంగుళాలుంటే ఐదడుగుల మనిషికి మోచెయ్యి దాదాపు గట్టుకు సమానంగా వస్తుంది, బలమంతా భుజం నుంచి తీయాల్సి వస్తుంది, నాలుగు రొట్టెలకే రెక్కలు గుంజుతాయి. గ్యాస్ వచ్చినా చాలా ఇళ్లల్లో రొట్టె మాత్రం నేల మీద కూర్చొనే చేస్తారు. ఇది పాత అలవాటని తీసిపారేయొద్దు. గట్టు ఎత్తు తప్పని ఒళ్లు చెబుతున్న మాట అది. రొట్టె కొట్టే భాగం మోచేతికి ఐదారు అంగుళాల కింద, అంటే 30 నుంచి 32 అంగుళాల ఎత్తులో ఉండాలి. కూర్చునే వాళ్ల వైపు గట్టు 36 ఉండాలి. కాబట్టి రెండు మెట్లుగా కట్టించుకోండి. లోపలి వైపు కిందిది పనికి, బయటి వైపు పైది తినడానికి. పిండి హాలులోకి చిందకుండా ఆ నాలుగు నుంచి ఆరంగుళాల తేడానే చిన్న గోడలా అడ్డుకుంటుంది.

మోకాళ్లకు చోటు కావాలి. బయటి వైపు గట్టు బండ కింది గోడను దాటి పది, పన్నెండు అంగుళాలు ముందుకు రావాలి. మనవైపు వాడే ముప్పావు అంగుళం మందం గ్రానైట్ ఆధారం లేకుండా అంత దూరం నిలవడం ప్రమాదం. ఎవరైనా మోచేతుల మీద బరువు వేసి వంగితే పగలొచ్చు. కింద ఇనుప బ్రాకెట్లు వేయించాల్సిందే. ఒక్కో మనిషికి రెండడుగుల వెడల్పు లెక్కేసుకోండి. నాలుగడుగుల గట్టుకు రెండు స్టూళ్లే. మూడోది ఇరికిస్తే ముగ్గురికీ సుఖం ఉండదు. స్టూలు వెనుక మనుషులు నడవడానికి మూడడుగులు వదలాలి.

వాస్తు ప్రకారం వంటగది ఆగ్నేయంలో, వండేవాళ్లు తూర్పు ముఖంగా ఉండాలని మన ఇళ్లల్లో చూసుకుంటారు. పొయ్యి తూర్పు గోడకు పెడితే స్టూలు మీద కూర్చున్నవాళ్లకు అమ్మ వీపే కనిపిస్తుంది. దీనికి మార్గముంది. పొయ్యిని తూర్పు గోడకే ఉంచి, తరగడం, కలపడం, రొట్టె కొట్టడం హాలువైపు గట్టు మీదికి మార్చుకోవాలి. వంటలో పొయ్యి ముందు నిలబడే సమయం కన్నా తయారీ పనికి పట్టే సమయమే తరచుగా ఎక్కువ. ఆ సమయమంతా ఆమె మొహం ఇంటివైపు ఉంటుంది.

ఎండుమిర్చి పోపు ఘాటు హాలులోకి కొట్టకుండా పొయ్యి పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. హాలులో సీలింగ్ ఫ్యాన్ గాలి మంటను ఆర్పకుండా పొయ్యికి వీలైనంత దూరంగా, స్టూళ్లవైపు ఉండేట్టు చూసుకోవాలి. పాలమూరు ఎండల్లో ఫ్యాన్ లేకుండా గట్టు దగ్గర ఎవరూ కూర్చోరు.

స్టూలు ఇక్కడే పుట్టాలి

ఆన్‌లైన్‌లో కొన్న స్టూలు చూడ్డానికి బాగుంటుంది. రెక్సిన్ సీటు మే నెలలో తొడలకు అంటుకుంటుంది, మూడేళ్లకు పొరలు పొరలుగా ఊడుతుంది. గ్యాస్ లిఫ్టుతో ఎత్తు మారే రకం పాడైతే బాగుచేసే మనిషి మండల కేంద్రంలో దొరకడం కష్టం. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు, దర్వాజలు చేసే వడ్ల మేస్త్రీ అయితే దగ్గరలోనే ఉంటారు. ఈ ఇద్దరూ కలిస్తే ఎత్తు స్టూలు తయారవుతుంది.

కాళ్లకు అంగుళం స్క్వేర్ పైపు చాలు. సీటు కన్నా నేల దగ్గర కాళ్ల మధ్య వెడల్పు ఎక్కువుండాలి, లేదంటే పక్కకు వంగగానే బోల్తా కొడుతుంది. సీటుకు పదహారు, పద్దెనిమిది అంగుళాల కింద పాదాలు ఆనేందుకు అడ్డకమ్మి తప్పక పెట్టించాలి. అది లేని ఎత్తు స్టూలు మీద పది నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కాళ్ల చివర రబ్బరు బుష్‌లు వేస్తే బండల మీద గీతలు పడవు, జారదు. నేల ఎగుడు దిగుడుగా ఉన్న పాత ఇళ్లకు ముక్కాలి పీట పద్ధతి మంచిది. మూడు కాళ్లున్నది ఎక్కడ పెట్టినా కదలదు. కాకపోతే నాలుగు కాళ్లదాని కన్నా సులువుగా ఒరుగుతుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో వద్దు.

సీటుకు కట్టె విషయానికొస్తే వేప మన పాత నేస్తం. చేదుకు పురుగు దూరంగా ఉంటుంది. తుమ్మ గట్టిది, బండి చక్రాలకు, నాగళ్లకు వాడినది. టేకు సంగతి చెప్పనక్కరలేదు, ఖర్చు ఒక్కటే అడ్డు. కొల్లాపూర్ మామిడి పేరు దూరదూరాలకు తెలుసు. కాపు తగ్గిన చెట్లను కొట్టేసినప్పుడు ఆ కట్టె పెట్టెలకో వంటచెరుకుకో పోతుంది. మామిడికి పురుగు తొందరగా పడుతుందన్నది నిజమే. బోరిక్, బోరాక్స్ కలిపిన నీళ్లలో నానబెట్టి, నీడన బాగా ఆరబెట్టి వాడితే ఆ బెడద తగ్గుతుంది. దాని గీతలు, తేనెరంగు చాలా అందంగా ఉంటాయి. తమ తోట చెట్టు తమ ఇంట్లో స్టూలై నిలవడం రైతు ఇంటికి గౌరవం.

కట్టె కన్నా చల్లనిది ఇంకోటుంది, నవారు. మంచాలకు అల్లే నూలు పట్టీని స్టూలు చట్రానికి గళ్లుగా అల్లితే గాలి ఆడుతుంది, చెమట పట్టదు, వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు. మంచం అల్లడం తెలిసిన పెద్దమనిషికి ఒక స్టూలు సీటు పెద్ద పని కాదు. ఆ చేతిపని కొత్త ఇంట్లోకి ఇట్లా వస్తే, నేర్చుకునే వాళ్లూ పుడతారు.

గది రంగులు, వెలుగు

స్టూలు నిలబడ్డాక గదిని దాని చుట్టూ కట్టుకోవాలి. అన్నీ ఒకేసారి అరవకూడదు. ఒక్కచోట రంగు పలకాలి, మిగతావి వినాలి.

గద్వాల చీరలో ఆ పాఠం ఉంది. ఒళ్లంతా నిదానమైన నూలు, అంచూ కొంగూ మెరిసే పట్టు. రెండింటినీ మగ్గం మీదే దారానికి దారం మెలేసి కలుపుతారు. గదిలోనూ గోడలు, నేల ఆ నూలు భాగంలా లేతగా ఉంచి, సీట్ల మీది మెత్తలను అంచులా వాడుకోండి. కట్టి కట్టి మెత్తబడిన పాత నూలు చీరతో మెత్త కుట్టిస్తే చాలు, మంచి చీర కోయొద్దు. నారాయణపేట గళ్ల చీర మెత్తకు ఇంకా బాగా నప్పుతుంది. చలికాలానికి గొంగడి ముక్క ఉంది. దక్కన్ గొర్రెల ఉన్ని సహజంగా నల్లగా ఉంటుంది, మరక కనిపించదు, ఏళ్ల తరబడి అరగదు.

గట్టు కింది గోడకు, అంటే మోకాళ్లు, పాదాలు తగిలే వైపుకు, తెల్లరంగు వేయకండి, నెలకే మాస్తుంది. మన ఇళ్ల అరుగులకు పూసే ఎర్రమన్ను జాజు రంగు అక్కడ అందంగా ఉంటుంది. పైన తెల్లటి ముగ్గు అంచు గీస్తే గదికి అదే అలంకారం.

నేలకు తాండూరు బండ గానీ, కృష్ణ అవతలి బేతంచెర్ల బండ గానీ చల్లగా ఉంటుంది. గట్టు పైన మాత్రం వాటిని వేయకండి. అవి సున్నపురాళ్లు. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే పులుపు రాయిని తిని మచ్చ మిగులుతుంది. గట్టుకు గ్రానైటే సరైనది.

వెలుగుకు, మేదరివాళ్లు అల్లే వెదురు బుట్టను తలకిందులు చేసి అందులో ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. ఆ బల్బు వేడి తక్కువ కాబట్టి వెదురుకు ముప్పు లేదు. గట్టు మీద నుంచి ముప్పై అంగుళాల ఎత్తులో వేలాడితే కంచం మీద వెలుగు పడుతుంది, కళ్లలో పడదు. తినేచోట పసుపు ఛాయ వెలుగు, పొయ్యి దగ్గర తెల్లటి వెలుగు. ఈ తేడా ఒక్కటే గదిని రెండుగా చూపిస్తుంది. మధ్యలో గోడ అక్కర్లేదు.

చిన్న ఇంటికే ఎక్కువ మేలు

ఇదంతా పెద్ద బంగళాల ముచ్చట అనుకోవద్దు. తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఐదు లక్షల సాయంతో కనీసం నాలుగు వందల చదరపు అడుగుల ఇల్లు కట్టుకోవాలి. అంత ఇంట్లో నలుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ పెడితే, కుర్చీలు వెనక్కి జరుపుకునే చోటుతో కలిపి ముప్పై చదరపు అడుగులకు తక్కువ కాకుండా మింగుతుంది. నాలుగడుగుల గట్టు, దాని కిందికి తోసేసే రెండు స్టూళ్లయితే తిండి అయిపోయాక నేల మళ్లీ ఖాళీ. రాత్రి అక్కడే పరుపు వేసుకోవచ్చు, పగలు పిల్లలు అదే గట్టు మీద చదువుకోవచ్చు. ఎత్తు స్టూలు అవసరం చిన్న ఇంటికే ఎక్కువ.

కానీ అందరినీ దాని మీద ఎక్కించకూడదు. మోకాళ్ల నొప్పులున్న అవ్వకు, తాతకు, కడుపుతో ఉన్న కోడలికి, ఐదేళ్లలోపు పిల్లలకు అది పనికిరాదు. వాళ్ల కోసం గట్టు చివర పద్దెనిమిది అంగుళాల ఎత్తున్న మామూలు కుర్చీ, దానికి తగ్గ చిన్న బల్ల చెక్క బిగించండి. గోడకు మడిచి పెట్టే రకమైతే చోటు తినదు. అవ్వను మూలన మంచం మీద ఉంచి, మనం గట్టు చుట్టూ చేరి నవ్వుకుంటే అమ్మ ఒంటరితనాన్ని తీసి అవ్వకు ఇచ్చినట్టే.

ఇంకో మాట. స్టూలు ఉన్నంత మాత్రాన ఇల్లు మారదు. దాని మీద కూర్చున్న మగాయన ఫోను చూసుకుంటూ రొట్టె కోసం చెయ్యి చాపితే అది హోటల్ కౌంటర్. వెల్లుల్లి ఒలిస్తే, పల్లీల పొట్టు తీస్తే, కొత్తిమీర తరిగితే అది ఇల్లు. చేతికందే ఎత్తులో పని కనబడుతున్నప్పుడు ముట్టుకోకుండా ఉండటం కష్టం. నేల మీది పాత వంటింట్లో పిల్లలు పని నేర్చుకున్నది ఆ దగ్గరితనం వల్లే. కూర్చునే చోటుకు అంత శక్తి ఉంది.

కోడేరు పక్కల నుంచి వెళ్లిన పాలమూరు మేస్త్రీలు, కూలీలు హైదరాబాద్, ముంబై, పుణె నగరాల్లో ఎన్నో అంతస్తుల భవనాలు కట్టారు. ఎవరి వంటింట్లోనో ఎవరి కొలతలకో గట్లు పోశారు. ఇప్పుడు తమ ఇల్లు తాము కట్టుకుంటున్నప్పుడు టేపు పట్టుకొని మొదట కొలవాల్సింది తమ ఇంట్లో వండే మనిషిని. ఆమె మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంది? కళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయి? ఈ రెండు అంకెలు గోడ లేవకముందే మేస్త్రీ చేతికి ఇవ్వాలి. కిటికీ గడప, నల్లా పైపు, కరెంటు స్విచ్ అన్నీ వాటి వెంటే కుదురుతాయి. ముగ్గు పోసే రోజు సింహద్వారం ఎటు, పూజగది ఎక్కడ అని అందరం అడుగుతాం. వండే మనిషికి ఎదురుగా ఎవరు కూర్చుంటారు అని కూడా ఆ రోజే అడుగుదాం. దానికి జవాబు దొరికిన ఇంట్లో స్టూలు ఎక్కడ పెట్టాలో, దాని చుట్టూ గది ఎట్లా ఉండాలో వెతుక్కోనక్కరలేదు.